తల మీద చెయ్యి పడేదాకా

"సంతకం పెట్టేశారా?" అన్నాను.

అత్తగారు జవాబు చెప్పలేదు. పెన్ను ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. అసోసియేషన్ సెక్రటరీ మాత్రం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఫ్లాటు ఎవరి పేరున ఉందో వాళ్ళే ఒప్పుకున్నాక ఇక కోడలితో మాటలేమిటన్నట్టు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"ఆగండి. అందులో ఏం రాశారో చదివి వినిపించి మరీ వెళ్ళండి."

"ఏముందమ్మా, ఆదివారం లోపల కుక్కని ఇంకోచోటికి పంపిస్తామని. అంతే. మూడు నెలల్నుంచి మొత్తుకుంటున్నాం. నిన్న మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఆపకుండా అరిచింది. కింది ఫ్లోరాయన గడియారం పెట్టుకుని మరీ చూశాడు."

"గడియారం పెట్టుకు చూసే తీరిక ఉన్నాయన పైకొచ్చి తలుపు కొట్టొచ్చుగా?"

"కొట్టాడమ్మా. ఎవరూ తియ్యలేదు."

"ఇంట్లో మనిషి ఉండగా తియ్యకపోవడమేమిటి? అబద్ధమాడితే అతికినట్టుండాలి!"

ఆయన నాతో వాదన పెట్టుకోలేదు. మెట్లు దిగుతూ, ఆదివారం అని వేలు చూపించి పోయాడు. నేను తలుపు ఎంత గట్టిగా వేశానంటే గోడ మీది క్యాలెండరు ఊడి కింద పడింది.

దూదమ్మ సోఫా కింద నుంచి ముక్కు ఒక్కటే బయటపెట్టి చూస్తోంది. మూడు కిలోల తెల్ల పొమరేనియన్. అందులో కిలో బొచ్చే ఉంటుంది. ఇల్లిల్లూ దాని మీద కాగితాలు రాస్తున్నారని దానికేం తెలుసు?

"పోనీలే అక్కా," అంది తోటికోడలు. మందుల షాపుకి టైమవుతోందని ఒక చేత్తో జుట్టు దువ్వుకుంటూ, ఇంకో చేత్తో ఏడాదిన్నర కూతురి నోట్లో బ్రెడ్డు ముక్క పెడుతోంది. "అత్తయ్యే వద్దన్నాక నీకెందుకింత పంతం? ఆ రోజే చెప్పాను, పగ్ తెచ్చుకుందామని. నోరెత్తదు, బొచ్చు దువ్వక్కర్లేదు."

"నోరెత్తదు, నిజమే. ఊపిరి కూడా ఎత్తదు. ముక్కు లోపలికి తొక్కేసిన ఆ జాతిని మూడో అంతస్తులో ఈ ఉక్కలో పెట్టి చూడు. వారానికి రెండు వస్తాయి మా షాపుకి, స్నానం చేయించేలోపే ఆయాసపడి కళ్ళు తేలేస్తాయి. ఫోటోలో బాగుందని కుక్కని తెచ్చుకుంటారా ఎవరైనా?"

"మొదలెట్టింది కుక్కల క్షవరం!"

ఆ బిరుదు నాకు అత్తగారు ఇచ్చింది. నేను కుక్కలకి స్నానం చేయించి, జుట్టు కత్తిరించి, గోళ్ళు తీసే షాపులో పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను. ఈ ఇంట్లో అది నోరు జారి కూడా చెప్పుకునే ఉద్యోగం కాదు. అయినా రెండేళ్ళ క్రితం మామగారు పోయాక, ఏ కుక్కని తేవాలన్న దాని మీద నా మాటే నెగ్గింది. ఎందుకంటే అత్తగారి ఎడమ చెవి నూలు మిల్లులో పనిచేసే రోజుల్లోనే ఆ హోరుకి పోయింది. కుడి చెవి ఒక్కటే దిక్కు. పగలంతా ఇంట్లో ఆవిడొక్కర్తే. బెల్లు మోగినా, కుక్కరు కూసినా, రేపు పుట్టబోయే పసిపిల్ల లేచి ఏడ్చినా చెప్పేదొకటి కావాలి. అరుపు జాతే కావాలి. అరుస్తోందని యజమాని మా షాపులో వదిలేసి పోయిన దాన్ని నేను ఏరికోరి తెచ్చాను. ఏ గుణానికి దాన్ని తెచ్చామో ఆ గుణానికే ఇప్పుడు వెళ్ళగొడుతున్నాం. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

అత్తగారి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "నిన్న రాత్రి కూడా దాన్ని పక్కలో వేసుకు పడుకున్నారు. పొద్దున లేచి సంతకం ఎలా పెట్టబుద్ధయింది అత్తయ్యా?"

"తల పోటెక్కిపోతోందే," అంది ఆవిడ. "పొద్దస్తమానం అరుపు. చెవుల్లో మోగిపోతోంది. నా వల్ల కాదు."

"పోనీ నేను మళ్ళీ నేర్పిస్తాను. నెల రోజులివ్వండి."

"వద్దన్నానా!" అని ముఖం తిప్పేసుకుంది. పసిదాని గౌన్లు మడత పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ ముఖం తిప్పుకుందంటే అయిపోయినట్టే. ఈ మధ్య మరీ ఎక్కువైంది. వెనకనుంచి ఏమన్నా పలకదు. నిలదీస్తే, 'పెద్దదానితో మాట్లాడేటప్పుడు ఎదురుగా వచ్చి మాట్లాడు, మర్యాద నేర్చుకో' అని పాఠం చెబుతుంది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!" అన్నాను, ఆవిడ వీపుకేసి చూస్తూ, వినాలనే.

తోటికోడలి చేతిలో దువ్వెన ఆగిపోయింది. అత్తగారికి అంత మాట నేనెప్పుడూ అనలేదు. ఆవిడ మాత్రం గౌను ముడతలు అరచేత్తో సాపు చేస్తూనే ఉంది. అంత నిబ్బరం చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

* * *

ఆ మంట షాపుదాకా ఆరలేదు.

మొదటి బేరమే పొమరేనియన్. "ఎండలు ముదిరాయి కదా, మొత్తం గొరిగెయ్యండి," అంది దాన్ని తెచ్చినావిడ.

"గొరగను."

"అదేంటి?"

"దీని బొచ్చు రెండు పొరలండీ. పైపొర ఎండని ఆపుతుంది. గొరిగేస్తే చర్మం కమిలిపోతుంది, మళ్ళీ సరిగ్గా మొలవను కూడా మొలవదు. మీ ఆయనకి ఉక్కపోస్తే చొక్కా విప్పమంటారా, చర్మం ఒలిపిస్తారా?"

ఆవిడ కుక్కని చంకలో వేసుకుని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. షాపు ఓనరమ్మ లోపల్నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి, నాకు పని నేర్పింది ఆవిడే.

"కుక్కలే నయం నీ కన్నా. కరిచేముందు గుర్రుమంటాయి," అంది. "ఇంట్లో ఏమైంది?"

దువ్వెన బల్ల మీద పడేసి అంతా చెప్పేశాను. సంతకం, ఆదివారం, ఇరవై నిమిషాల అరుపు. ఆవిడ బల్ల మీది కుచ్చు చెవుల కుక్క గోళ్ళు తీస్తూనే వింది.

"నువ్వు దానికేం నేర్పావో మళ్ళీ చెప్పు."

"అందరికీ నేర్పేదే. బెల్లు మోగితే తలుపు దగ్గర, కుక్కరు కూస్తే వంటింటి గుమ్మంలో, పాప ఏడిస్తే పాప దగ్గర నిలబడి అరవాలి. అక్కణ్ణుంచి కదలకూడదు."

"ఆవిడ దగ్గరికి పరిగెత్తి రాదా?"

"అమ్మో, అదెలా? చిన్న కుక్క కాళ్ళకి అడ్డం పడితే ఆ వయసులో తుంటి ఎముక విరగదూ? అందుకే ఉన్నచోటే ఉండి అరవమన్నాను. ఆవిడే వచ్చి తల మీద చెయ్యి వెయ్యాలి. చెయ్యి పడితే విన్నానని అర్థం. టక్కున ఆపేస్తుంది. పడేదాకా ఆపదు. మూడు నెలల కిందటిదాకా అలాగే చేసింది. నాలుగు అరుపులు, ఒక చెయ్యి, ఒక బిస్కెట్టు ముక్క."

"మరి ఇప్పుడు ఇరవై నిమిషాలు అరుస్తోందంటే?"

బల్ల మీది దువ్వెన మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"దాని తప్పేముందే పిచ్చిదానా? చెయ్యి పడట్లేదు."

అదా సంగతి! కావాలనే వెయ్యడం లేదన్నమాట. పొద్దస్తమానం అరవనిచ్చి, నలుగురి చేతా తిట్టించి, కాగితం మీదికి తెప్పించి, వదిలించుకుంటోందన్నమాట. నేను తెచ్చిన కుక్క అని, నా మాట నెగ్గిందని కడుపులో పెట్టుకుందన్నమాట! ఏప్రన్ విప్పకుండానే, చేతిలోని ఉక్కు దువ్వెనతోనే ఇంటికి బయల్దేరాను. పట్టపగలు పట్టుకుని, నలుగురినీ పిలిచి చూపించకపోతే నా పేరు కాదనుకున్నాను.

* * *

రెండో అంతస్తు మెట్ల మీద ఉండగానే దూదమ్మ అరుపు వినిపించింది. కిందింటాయన తన గుమ్మంలో నిలబడి మణికట్టు చూపించాడు.

"పద్నాలుగు నిమిషాలు," అన్నాడు.

"ఇంకొక్క నిమిషం ఆగండి. అసలు దొంగని చూపిస్తాను," అని పైకెక్కాను.

నా తాళంచెవితో తలుపు తీశాను. హాల్లో ఎవరూ లేరు. దూదమ్మ స్నానాలగది తలుపు ముందు నిలబడి ఉంది. గొంతు జీరబోయింది. నన్ను చూసి తోక కూడా ఊపలేదు. తలుపు వంక తిరిగి మళ్ళీ అరిచింది. ఆ అరుపు ఆగిన సందులో లోపల్నుంచి ఇంకో గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి ఇక శక్తి లేక ఎక్కిళ్ళు పెడుతున్న గొంతు.

పాప.

తలుపు తోశాను. లోపల గడియ పడిపోయింది. కుళాయి ధార పోతున్న చప్పుడు. కొట్టడం, పిలవడం అనవసరమని తోచింది. ఏడాదిన్నర పిల్లకి గడియ తియ్యమంటే ఏం తెలుస్తుంది? చేతిలోని దువ్వెన తలుపు సందులోంచి దూర్చి గడియని పైకెత్తాను. రెండుసార్లు జారింది. మూడోసారి లేచింది.

పాప నిండిన బకెట్టు అంచు పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు నుంచి కాళ్ళదాకా తడిసి ముద్దయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. తల ఒకసారైనా నీళ్ళలోకి వంగి ఉంటుంది. ఇంకో జానెడు ముందుకి వంగి ఉంటే? ఎత్తుకుని తువ్వాల్లో చుట్టి గుండెకి హత్తుకున్నాను.

దూదమ్మ ఇంకా అరుస్తూనే ఉంది. పిల్ల బయటికొచ్చింది కదా, ఇంకెందుకే అనబోయి, వంగి దాని తల మీద చెయ్యి వేశాను. టక్కున ఆపేసింది. అక్కడే కూలబడి నాలుక వేలాడేసింది.

వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు నాకు వీపు పెట్టి, స్టూలు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. తాపీగా. గిన్నె సగం నిండింది.

"అత్తయ్యా," అన్నాను.

ఒక కాయ ఒలిచింది.

"అత్తయ్యా, ఇల్లు అంటుకుంది!" అని అరిచాను.

ఇంకో కాయ తీసుకుంది. గింజ ఒకటి నేల మీద పడితే వంగి ఏరుకుని, ఊది గిన్నెలో వేసుకుంది.

జాలి పడాల్సిన చోట నాకు కోపమే వచ్చింది. నా తత్త్వమే అంత. గిరుక్కున ముందుకి తిరిగి ఆవిడ ఎదుట నిలబడ్డాను. తువ్వాల్లో పిల్లని చూడగానే ఆవిడ ముఖం పాలిపోయింది. గిన్నె ఒళ్ళోంచి జారిపోయింది.

"ఏమైందే? ఎక్కడ పడింది? ఇప్పుడేగా హాల్లో ఆడుకుంటోంది!"

"స్నానాలగదిలో గడియ పడింది. పద్నాలుగు నిమిషాలు ఏడ్చింది. కిందింటాయన కూడా విన్నాడు. మీరొక్కరే వినలేదు. ఆ రెండో చెవి ఎప్పట్నుంచి పోయింది?"

"ఏం మాట్లాడుతున్నావే, నేను..."

"ఇల్లంటుకుందని అరిచానత్తయ్యా మీ వెనకాల!"

ఆవిడ చేతులు చాచింది పిల్ల కోసం. నేనివ్వలేదు. పాపే నా భుజం మీంచి వంగి నానమ్మ మెడ పట్టుకుంది. వదలక తప్పలేదు. ఆవిడ దాన్ని పొదివి పట్టుకుని, తడి జుట్టులో ముఖం పెట్టుకుని కూర్చుండిపోయింది. చాలాసేపటికి తలెత్తింది.

"మూడు నెలలైంది," అంది. "ఒకరోజు పొద్దున లేచి ఫ్యాను ఆగిపోయిందేమో అనుకున్నాను. చూస్తే తిరుగుతోంది."

"మాతో ఇన్నాళ్ళూ ఎలా మాట్లాడారు?"

"మిల్లులో ముప్పై ఏళ్ళు ఎలా మాట్లాడుకున్నామనుకున్నావ్? ఆ మిషన్ల మధ్య ఎవరి మాట ఎవరికి వినపడేది? పెదాలు చూసే చెప్పుకునేవాళ్ళం, కష్టాలూ సుఖాలూ, సూపర్వైజరు మీద తిట్లూ. ఎదురుగా ఉంటే చాలు నాకు, అందరి మాటలూ తెలుస్తాయి."

"డాక్టరుకి చూపించుకోవాలని తోచలేదా?"

"ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. చెవికి మిషను పెట్టినా లాభం లేదన్నాడు."

"పొద్దున తల పోటన్నారే! చెవుల్లో మోగిపోతోందన్నారే!"

"అది అరుస్తోందో లేదో కూడా నాకు తెలీదే," అంది ఆవిడ. "నోరు తెరుస్తుంది, మూస్తుంది. కనపడితే చెయ్యి వేస్తాను. కనపడకపోతే... అది అరిచినప్పుడల్లా ఎవరో ఒకరు వస్తున్నారు. తలుపెందుకు తియ్యలేదని అడుగుతున్నారు. అదుంటే నా సంగతి బయటపడుతుంది. అందుకే పెట్టాను సంతకం. నా చేతులు పడిపోనూ, ఇష్టమై పెట్టానా?"

మూడు నెలలు! మూడు నెలలు ఆ మూగజీవిని నేను కూడా తిట్టాను. నీ జాతే అంత అన్నాను. నోటికి పట్టీ కూడా కొన్నాను. కుక్కల గురించి నాకన్నా తెలిసినవాళ్ళు ఈ వీధిలో లేరని విర్రవీగేదాన్ని, ఉన్నచోటు నుంచి కదలొద్దని దానికి నేర్పింది నేనే. ఆవిడ దగ్గరికి పరిగెత్తి కాలు గీరితే ఏ గొడవా ఉండేది కాదు. నా మీద నాకే అసహ్యమేసింది.

"సాయంత్రం దీని తల్లి వచ్చాక చెప్పెయ్యాలి," అన్నాను.

ఆవిడ పిల్లని ఇంకా గట్టిగా పట్టుకుంది. "చెప్పకే. చెప్తే దీన్ని నా దగ్గర ఉంచదు. నేనింక ఎందుకుండాలి ఈ ఇంట్లో, బఠాణీలు ఒలవడానికా? రేపట్నుంచి కళ్ళ ముందే పెట్టుకుంటాను. ఒట్టు."

"మీ వీపుకి కళ్ళు లేవత్తయ్యా. బకెట్టు నిండా నీళ్ళున్నాయి."

"నీకేంలే. నేను చెవిటిదాన్నని తేలితే నీ కుక్క నీకు దక్కుతుంది. అందుకేగా ఈ ఆరాటం?"

చెంప మీద కొట్టినట్టయింది. మెట్లెక్కుతున్నప్పుడు నేను వచ్చింది పాప కోసం కాదు, కుక్క కోసమే.

* * *

తోటికోడలు వచ్చేసరికి ఆరైంది. అత్తగారు హాల్లో గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పాప ఒళ్ళో ఉంది. మధ్యాహ్నం నుంచీ ఆవిడా నేనూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. దూదమ్మ మా ఇద్దరి మధ్యా ఎటు పోవాలో తెలియక నేల మీద పడుకుంది.

"ఇదేంటి, పిల్ల గొంతు బొంగురుపోయింది? కళ్ళు ఇలా ఉబ్బాయేంటి అత్తయ్యా?" అంది తోటికోడలు, బ్యాగు దించుతూనే.

అత్తగారు నా వంక చూసింది.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను. ఆవిడకి తెలిసేలా, ఒక్కొక్క మాటా విడదీసి.

ఆవిడ చెప్పింది. తడబడకుండా చెప్పింది. "నాకు రెండు చెవులూ పోయాయి. మూడు నెలలైంది. ఇవాళ నీ కూతురు స్నానాలగదిలో చిక్కుకుని ఏడుస్తుంటే నేను వంటింట్లో కాయలు ఒలుస్తూ కూర్చున్నాను. కుక్క అరిచి మేడంతా లేపింది. నేను లేవలేదు."

తోటికోడలు నా వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది అక్కా?"

"మధ్యాహ్నం."

"మధ్యాహ్నం తెలిస్తే ఇప్పటిదాకా నాకొక ఫోను చెయ్యలేదా? లోపల చిక్కుకుంది నీ కుక్కే అయితే ఊరుకునేదానివా? ఇల్లు పీకి పందిరి వేసేదానివి కాదూ?"

ఆవిడే నోరు విప్పాలని ఊరుకున్నానని చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్పినా ఆ క్షణంలో దానికి విలువెంత? తోటికోడలు వంగి పాపని ఎత్తుకోబోయింది. పాప నానమ్మ మెడ చుట్టూ వేసిన చేతులు తియ్యలేదు. తల్లి ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీసింది. అత్తగారు ఆపలేదు, సాయమూ చెయ్యలేదు. పాప కీచుమని ఏడుపు లంకించుకుంది. దూదమ్మ లేచి పాప వైపు తిరిగి అరవడం మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

తోటికోడలు తన గదిలోకి నడిచింది. గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది: "రేపట్నుంచి మా అమ్మ దగ్గర దింపుతాను. ఈవిడ చేతికి నా పిల్లని ఇక ఈ జన్మలో ఇవ్వను."

తలుపు ధనేల్మని పడింది.

అత్తగారు మూసిన తలుపు వంకే చూస్తోంది. ఖాళీ ఒళ్ళో చేతులు పాపని పట్టుకున్నట్టే ఉన్నాయి. చివరికి నా వైపు తిరిగింది.

"వెళ్తూ వెళ్తూ ఏదో అంది కదూ?" అంది. "భుజాలు కదిలాయి. ఏమందే?"

ఈ ఇంట్లో అందరికన్నా పెద్ద నోరు నాది. ఆవిడ కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి. నేనింకా ఏమీ అనలేదు.